ఆధార సంవత్సరం

యెలెన్యా గూరాలో నవంబరు
మధ్యాహ్నం మూడున్నరకే దుకాణం కట్టేస్తుంది.
నాలుగంతస్తుల పాత భవనం, ఇరవై రెండు వాటాలు,
నేలమాళిగలో ముసలి గ్యాస్ బాయిలరు
దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గుతోంది.

నా సంచిలో ఒప్పందం.
చిల్లిగవ్వ పెట్టక్కర్లేదు,
హీట్ పంపులు మావి, బిగింపు మాది, మరమ్మతు మాది,
తగ్గిన ఖర్చులోంచి పన్నెండేళ్ళు మా వాటా తీసుకుంటాం,
తగ్గకపోతే నష్టం మాది,
ఆ తర్వాత యంత్రాలు మీవే.
మెట్లెక్కుతూ చెప్పగలను, దిగుతూ చెప్పగలను,
నిద్రలో అయితే ఇంకా బాగా చెబుతానని మా ఆవిడ అంటుంది.

ఇరవై ఒక్క సంతకాలు దొరికాయి.
రెండో అంతస్తు వీస్వావ్ చదవకుండానే పెట్టాడు,
చదివితే పెట్టబుద్ధి కాదన్నాడు.
పెరట్లో తివాచీలు దులిపే ఇనప కమ్మీ తీసేస్తారా అని
దానికి తలకిందులుగా వేలాడుతూనే
ఇగా అనే పిల్ల నన్ను నిలదీసింది.
రెండడుగులు జరుపుతామని మాటిచ్చాను.
అది ఒప్పందంలో లేదు.

మిగిలింది మూడో అంతస్తు, ఎడమ తలుపు.
లెయోకాద్యా గారు కోటు వేసుకుని తలుపు తీశారు.
"బయటికి వెళ్తున్నారా?"
"లేదే, ఇంట్లోనే ఉన్నాను."

లోపల పద్నాలుగు డిగ్రీలు.
రేడియేటరు మీద వెన్న గిన్నె,
అంచుల్లో కూడా కరగని వెన్న.

భూతద్దంతో ఏడో పేజీ దాకా చదివారు.
ఆధార సంవత్సరంలో వాడిన వేడి,
అందులోంచి రేపు వాడబోయే వేడి తీసేస్తే
వచ్చే తేడా మనిద్దరిదీ, అని ఉందక్కడ.
"నాకు తేడా ఎక్కడుంది బాబూ?
మీరు రాకముందే
మొత్తం నేనే మిగిల్చేశాను."

నోరు కట్టుకుని దాచినవాళ్ళని చూశాను.
ఒళ్ళు కట్టుకుని దాచినదాన్ని
ఏ గడిలో రాయాలో నా ఫారంలో లేదు.

ఉన్నదున్నట్టు రాస్తే
ఆమె వెచ్చబడిన రోజే బిల్లు పెరుగుతుంది.
ఇరవై డిగ్రీలు వాడినట్టు రాస్తే
ఎన్నడూ కాల్చని గ్యాసు మీద మిగులుకి
ఆమె మాకు బాకీ పడుతుంది.
రాత్రంతా లెక్క వేశాను.
ఎటు తిప్పినా ముసలమ్మ దగ్గరే వచ్చి ఆగింది.

బట్టలారేసే గదిలో సమావేశం.
భవనమంతా ఒకే లెక్క కింద కట్టి
చదరపు మీటర్ల చొప్పున పంచుకుందామన్నాను.
వీస్వావ్ లేచాడు.
"ఇన్నేళ్ళూ నా కప్పులోంచి నా వేడి పైకెళ్ళి
ఆవిడ కాళ్ళు కాచింది. ఇప్పుడు బిల్లు కూడా నేనే కాయాలా?"

ఎవరూ మాట్లాడలేదు.
తాడు మీద ఎవరివో తడి మేజోళ్ళు
నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"నిజమే" అన్నారు లెయోకాద్యా గారు.
"నా పద్నాలుగులో ఆరు నీవి.
నాకు తెలుసు.
అందుకేగా ప్రతి క్రిస్మస్‌కీ నీకు గసగసాల రొట్టె."

పదకొండు రొట్టెలు తిన్నవాడు
నిలబడే ఉన్నాడు.
మొహంలో ఏదో వెనక్కి లెక్కపెట్టుకుంటున్నాడు.
"నేను... ఒంటరివాణ్ణని ఇస్తున్నారనుకున్నాను" అన్నాడు.
"అది కూడా" అన్నారామె.

చెయ్యెత్తినవాళ్ళల్లో అతనిది ఆఖరిది.

ఫిబ్రవరిలో రీడింగు తీయడానికి వెళ్ళాను.
బయట మైనస్ తొమ్మిది.
కమ్మీ పక్కన రెండు పంకాలు
ఆ గడ్డకట్టిన గాలినే నమిలి
అందులో మిగిలిన వేడిని లోపలికి పంపుతున్నాయి.
ఇగా తలకిందులుగానే నాకు నమస్కారం పెట్టింది.

మా ఆఫీసు పట్టికలో ఈ భవనం
అనుకున్నదానికన్నా కాస్త తక్కువే మిగిల్చింది.
ఎందుకని అడిగితే చలి ఎక్కువైందని రాశాను.

మూడో అంతస్తులో పంతొమ్మిదిన్నర.
కోటు తలుపు వెనక మేకుకి ఉంది.
రేడియేటరు మీద ఏమీ లేదు.
వెన్న గిన్నె
కిటికీ గట్టు మీదకి మారింది.