ఐదో హద్దు

శంషాబాదు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల కింద బల్ల నాది.
ముప్పై ఒక్కేళ్లుగా ఎవరెవరి నేలో రాస్తున్నాను,
నా పేరున గుంటెడు రాసుకున్నది లేదు.

పాత దస్తావేజుల్లో హద్దులకు మనుషుల వాసన ఉండేది.
తూర్పు: గొల్ల పెంటయ్య ఎండిన బావి
పడమర: అనాబు తోట పందిరి రాళ్లు
ఉత్తరం: బండ్ల బాట
దక్షిణం: వానొస్తే వాగు, రాకపోతే ఇసుక.
ఒకాయన పట్టుబట్టి
"నెమళ్లు దిగే గట్టు" అని రాయించాడు.
రిజిస్ట్రారు నవ్వి ముద్ర కొట్టాడు.
అప్పట్లో అది చెల్లింది.

విమానం కన్నా ముందు దాని ధర దిగింది.
పొద్దున చాయ్ దగ్గర ఎకరం ఒక మాట,
పగటి అన్నాల వేళకు ఇంకో మాట.
సంతకానికి కూచున్నవాడు
ఫోనొచ్చిందని బయటికెళ్లి
తిరిగొచ్చి చెప్పులు తొడుక్కునేవాడు.
సున్నాలు పట్టక గడి దాటి రాశాను.
అబద్ధమెందుకు,
నా ఇంటికి స్లాబు పడింది ఆ ఏడాదే.

కావలి అంజిలమ్మ వచ్చిందీ అప్పుడే.
మూడెకరాలు సర్కారు తీసుకుంటే
గోడ ఇవతల మిగిలింది పద్నాలుగు గుంటలు.
అందులో పది అమ్ముతానంది.
"తూర్పు హద్దేం రాయాలె?"
"నా చేనే రాయి సారూ."
"అది నీది కాదు గదమ్మా ఇప్పుడు."
"మరెవరిది?"
ప్రహరీ గోడ, అని రాశాను.
సిరా వేలు కొంగుకు తుడుచుకుని
నోట్లు రెండుసార్లు లెక్కబెట్టుకుంది.

మిగిలిన నాలుగు గుంటల్లో గదులు లేపింది.
సామాన్లు మోసే బీహారు పిల్లలు,
పగలు పడుకుని రాత్రి బండి తోలే డ్రైవర్లు,
గదికి ముగ్గురు, నెలకింత.
మనవరాలు కార్గోలో మందుల పెట్టెలు లెక్కబెడుతుంది,
ఆ చలి గదిలో స్వెటరేసుకుని, మే నెలలో.
చేను ఏనాడూ ఇంత పెట్టలేదు.
ఆ మాట అంజిలమ్మే అంటుంది,
అని, కాసేపు ఏమీ అనదు.

కొడుకు శ్రీశైలం
చిన్నప్పుడు మంచె మీద నిలబడి
జొన్న చేలో ఒడిసెల తిప్పినవాడు.
ఇప్పుడు నారింజ రంగు కోటేసుకుని
అదే సర్వే నంబర్లో
పటాకులు కాల్చి పిట్టల్ని తోలుతున్నాడు.
అప్పుడు కంకులు దక్కేవి, ఇప్పుడు జీతం.
"అన్నీ పోతయి సారూ, ఒక్క తీతువే పోదు.
కంకర మీద గుడ్లు పెట్టి
నా మీదికే లేస్తది.
దానికి నోటీసు ముట్టలేదు గావచ్చు."

నాలుగో అంతస్తు వేద్దామని పోయినేడు
అంజిలమ్మ అర్జీ పెట్టింది.
వీల్లేదన్నారు,
విమానాలు దిగే దారట.
ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
"నాలుగు దిక్కుల హద్దు రాస్తివి,
పైన హద్దున్నదని చెప్పకపోతివేంది?
మొగులు గూడ గుంటల్లెక్కనేనా?"
నా ఫారంలో ఆ గడి లేదు.
చాయ్ చెప్పాను. తాగి పోయింది.

కంప్యూటరు పిల్లాడు కొట్టేముందు
చిత్తుప్రతి ఇప్పటికీ నేనే రాస్తాను, సిరా పెన్నుతో.
తూర్పు: నలభై అడుగుల రోడ్డు
పడమర: ప్లాటు నంబరు నూట పద్దెనిమిది
ఉత్తరం: ప్లాటు నంబరు నూట ఇరవై.
కొనేది పుణె ఆయన, నేల ఇంకా చూడలేదు,
ఫోటోలో చూశాడు.

మూడు నలభైది వచ్చింది.
రేకులు అదురుతుంటే
అక్షరం వంకర పోకుండా
పెన్ను పైకెత్తి పట్టుకున్నాను.
మోత పోయేసరికి
దక్షిణం గడిలో ఓ చుక్క రాలి,
పల్చటి కాగితం మీద
సన్నగా పాయలు తీస్తోంది.

పిల్లాడు ప్రతి అందుకుని అడిగాడు,
"సార్, ఇక్కడ ఏమని కొట్టాలి?"