మీటరు నేల

చెక్క చట్రం. మీటరు పొడవు, మీటరు వెడల్పు.
పాత యుర్తా గుడారం తలుపు విరిగితే
ఆ చెక్కతో మా అన్న నుర్బెక్ కొట్టిచ్చాడు.
దాన్ని నేల మీద పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని
లోపల ఎన్ని రకాలు బతికున్నాయో లెక్కపెట్టడం నా పని.
పచ్చిక కమిటీ నెలకి రెండు వేల సోములిస్తుంది,
అదీ అడగ్గా అడగ్గా.

మొదటి చట్రం ఊరి పక్క బీడులో.
వంతెన కూలి మూడేళ్ళు.
ఏరు దాటించే దారి లేక
అందరి గొర్రెలూ ఇక్కడే మూతులు పెట్టాయి.
నేలకంటిన చేదు షిబాక్,
ముళ్ళదొకటి, మేక కూడా మొహం తిప్పుకునేదొకటి,
మరో రెండు.
ఒక్క చేతి వేళ్ళు సరిపోయాయి.
మిగతాదంతా డెక్కల అచ్చులు,
ఉతికి ఉతికి పోగులు తేలిన దుప్పటి.
బెతెగె గడ్డి కోసం వెతికాను. లేదు.
కొరికిన చోటే మళ్ళీ మళ్ళీ కొరికితే
వేరు తన దాపుడు కూడే తిని, తిని
ఒకరోజు ఖాళీ గాదె అవుతుంది.

"మేపడం మానితే చాలు" అని నోటుబుక్కులో రాసుకున్నాను.
గీత కూడా గీశాను కింద.

తర్వాత గుర్రం మీద ఏరు దాటాను. జీను తడిసింది.
మూడేళ్ళుగా ఏ మూతీ తగలని కొండ,
నడుం దాకా గడ్డి! కళ్ళకి పండగ.
చట్రం మాత్రం నేలకి ఆనదు,
ఎండుగడ్డి పరుపు మీద తేలుతోంది.
మోచేతి దాకా చెయ్యి దూర్చాను.
నిరుటి గడ్డి. దాని కింద ముందటేటిది.
దాని కింద చీకటి.
అంత చీకట్లో ఏ విత్తనం కన్ను తెరుస్తుంది?
అంచుల్నుంచి అల్తిగానా పొద
ముళ్ళు కట్టుకుని లోపలికి నడిచొస్తోంది.
పదకొండు.
నోటుబుక్కులో గీతని కొట్టేశాను.

మధ్య వాలు బురుల్చా అవ్వది.
అరవై గొర్రెలు, ఒక చోట తొమ్మిది రోజులు.
పదో తెల్లారికి గుడారం ఒంటె మీదుంటుంది.
ఆవిడ కొలబద్ద తన బూటే,
గడ్డి చీలమండ కిందకి దిగితే కదలాలంతే.
"ఇంకా ఉందిగా మేత?" అన్నాను.
"ఉండగానే లేవాలి, విందులోంచైనా" అంది.

చట్రం వేశాను.
బెతెగె, అడవి ఉల్లి, నీలి జెరేనియం,
అరచేతిలో నీటిబొట్టు పట్టుకున్న ఆకు,
నూగు కప్పుకున్న తెల్ల పువ్వు...
ఇరవై ఎనిమిది దగ్గర అవ్వ కుక్క వచ్చి చట్రంలో పడుకుంది.
మళ్ళీ మొదట్నించి.
ముప్పై నాలుగు.
ఒకదాని పేరు నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు.
"గొర్రెకి తెలుసులే" అంది.

ఆ రాత్రి కమిటీలో మూడంకెలూ చదివాను.
మంద తగ్గించాల్సిందెవరని ఎవరో అడిగారు.
అందరూ పొయ్యి వైపు చూశారు.
మా అన్నకి నూట నలభై గొర్రెలు.
ఇంటికొస్తూ దారిలో
"నా చెక్క నాకిచ్చెయ్" అన్నాడు. ఇచ్చేశాను.

తెల్లారి చూస్తే,
ఊరి పక్క బీడులో మోకాళ్ళ మీదున్నాడు,
టోపీ తీసి, నేలకి ముక్కు ఆనించి.
"ఐదు కాదు" అన్నాడు, "ఆరు."
వంగి చూశాను.
బెతెగె. గోరంత.
నా లెక్క తప్పని రాసుకున్నాను.

వంతెనకి ఎన్ని దూలాలు పడతాయో
ఏటి వైపు చూస్తూ అడిగాడు.