సరంగు

"ఇంతకీ నువ్వు చదివిందేమిటే?" అంటుంది బెర్గ్‌తోరా అమ్మమ్మ
గాలికొట్టంలో వేలాడే గొర్రె తొడని వేలితో నొక్కి చూస్తూ.
చెక్కల సందుల్లోంచి ఉప్పుగాలి.
అక్టోబరులో కోసిన మాంసం, ఇంకా మాగలేదట.
ముక్కే ఆమె కొలబద్ద.

జీవమూ, రసాయనమూ, అని మొదలుపెడతాను.
కత్తి తుడుచుకుంటుంది.
"వాసన మారిందంటే లోపల ఎవరో పనిలో ఉన్నట్టే."
మూడేళ్ళు కోపెన్‌హాగెన్‌లో నేను నేర్చిన మొదటి పాఠం
ఇంతకంటే పెద్దదేం కాదు.

తోర్స్‌హావ్న్ ఆసుపత్రిలో కిటికీ పక్కన నా బల్ల.
దీవి దీవి నుంచీ కవర్లలో వస్తారు మనుషులు
అట్టముక్క మీద ఎండిన ఒక్కో బొట్టుగా.
ఆమధ్య స్వీనోయ్ నుంచి ఒకడు,
ఇంకా పేరైనా పెట్టని బిడ్డ.
నెత్తురులో కార్నిటైన్ దాదాపు లేదు.

ఎలా చెప్పను అమ్మమ్మకి?
కణం కణంలో ఒక పొయ్యి.
కొవ్వు తనంతట తాను అక్కడికి పోలేదు,
మధ్యలో సన్నటి జలసంధి.
దాటించడానికి సరంగు ఒకడుండాలి.
కడుపు నిండిన రోజున వాడి ఊసు ఎవరికీ పట్టదు.
జ్వరమొచ్చి రెండు పూటలు ముద్ద దిగకపోతే
అప్పుడు చూడాలి:
ఈ ఒడ్డున గుట్టలుగా కట్టెలు
ఆ ఒడ్డున ఆరిపోతున్న పొయ్యి
రేవులో పడవ లేదు.

ఇప్పుడు వాణ్ణి ట్రోండుర్ అంటున్నారు.
సరంగుని సీసాలోంచి తాగిస్తున్నారు, రోజుకి మూడుసార్లు.
ఒళ్ళంతా చేపల కంపు, అని వాళ్ళమ్మ ఫోనులో నవ్వింది,
మా ఊళ్ళో దాన్ని పసిగట్టేదెవరులే!

అమ్మమ్మ నవ్వలేదు.
చాలాసేపటికి, "హనుస్," అంది.
తమ్ముడు. ఏడేళ్ళవాడు.
మూడు రోజులు జ్వరంతో పడుకున్నాడు,
నాలుగోనాడు లేపితే లేవలేదు.
ఊరు ఊరికే ఉంటుందా, ఏవేవో అంది.
వాళ్ళమ్మ మాత్రం,
ఆ రాత్రి చారు వద్దంటే బతిమాలలేదే అని
కన్నుమూసేదాకా ఆ గిన్నెనే తలుచుకుంది.

హనుస్ నెత్తురు నా దగ్గర లేదు.
అవునని అనలేను, కాదనీ అనలేను.
బొట్టు లేనిదే
నా శాస్త్రం నోరు విప్పదు.

అమ్మమ్మ చెయ్యి చాపింది.
గొర్రె కొవ్వు అంటిన చూపుడువేలు.
"ఎనభై రెండేళ్ళు నన్ను దాటించినవాడు
ఉన్నాడో లేడో చూడు."

ముందు చెయ్యి కడుక్కో, అన్నాను.
ఆ తొడ నిండా సరంగులే.