తుమ్మ వేరు

నాగళ్లు అడిగేవాడు లేని ఏడాది అది.
మృగశిర ఒట్టిదే పోయింది.
గుత్తి కొండ మీది మబ్బు
మంచినీళ్లు కూడా తాగని చుట్టంలా
నిలబడే వెళ్లిపోయింది.
బాడిశ పట్టిన చేతికి పనిలేక
మా జేజినాయన మౌనేశాచారి
గుంతకల్లు లోకోషెడ్డులో దినకూలికి చేరినాడు.

అక్కడ ఫోర్‌మన్ డెలానీ.
మనోళ్ల నోట్లో దేలన్న దొర.
ఎర్ర మీసం. ఇంగ్లీషు దొరలంటే గిట్టని దొర.
అట్లాంటి దొర ఒకడుంటాడని
అప్పటిదాకా ఎవురికీ తెలీదు.
ఒకనాడు బొగ్గుముక్కతో నేలమీద గీసి చూపినాడు:
ఇంత పొడుగు, ఇక్కడ వంపు,
వంపు కాడ అరచేయంత వెడల్పు.
"వంచగూడదు. అతకగూడదు.
చెట్టే వంగి ఉండాల."

జేజినాయన నవ్వినాడంట.
మేడికి కట్టె ఏరేవానికి ఈ మాట చెప్పాల్నా?
మాను నేలలోకి దిగి వేరయ్యే చోట
నార తనంతట తానే మలుపు తిరుగుతుంది,
చేవంతా ఆ మలుపులోనే.
వంక గట్టున తుమ్మమొద్దులు తవ్వి
ముప్పైనాలుగు కట్టెలు చెక్కినాడు.
ముప్పైనాలుగు సగం నాగళ్లు.

బంతి ఓబులేశు కుట్టినాడు.
ఎద్దుతోలు, లోపల మేకబొచ్చు.
ఆటలో దాన్ని చేత్తో పట్టొచ్చన్నాడు దొర.
మొదటి పందెంలో పట్టినోడు లేడు.
కట్టెతో కొట్టినారు, కాలితో తన్నినారు.
ఓబులేశు గీత అవతల నిలబడి
తన కుట్టు ఊడుతుందేమోనని చూసుకున్నాడు,
అంతే.

ఆరుద్రలో, డోన్ షెడ్డుతో
ఓడిపోతామనుకున్న ఘడియలో
బోయ ఉరుకుందప్ప గాల్లోకి ఎగిరి
ఆ బంతిని గుప్పిట పట్టినాడు.
గెలిచినాంక ఆ చెయ్యి కడుక్కున్నాడో లేదో
జేజినాయన ఎప్పుడూ చెప్పలా.
మేమూ ఒత్తి అడగలా.

గుత్తి షెడ్డుతో ఆఖరి పందెం నాటికి
పునర్వసు కూడా దాటిపోయింది.
విత్తని కొర్రచేనే ఆటస్థలం.
దుమ్ములో ఎవుని కట్టె ఎవుని మోకాలికి తగిలిందో
అరుపును బట్టి తెలుసుకోవాల్సిందే.
కుళ్లాయప్ప పన్నొకటి ఊడి మళ్లీ దొరకలా.
దస్తగిరి నొసలు చిట్లితే
పసుపద్దుకోని దిగినాడు.
గెలిచినోళ్లకి ఇత్తడి చెంబు. దొర దాన్ని కప్పు అనేవాడు.
గోలుకి గోలు, సమానం.
పొద్దు వాలుతా ఉంది.
పడమట నుంచి వాసన వచ్చింది.

ముందు బండికాడి ఎద్దులు తలెత్తినాయి,
మళ్లా ఆడోళ్లు.
మొదటి చుక్క బంతి పక్కన పడి
చెనక్కాయంత గుంట చేసింది.
ఉరుకుందప్ప కట్టె పారేసినాడు.
కాదు, పారేయలా.
భుజాన వేసుకోని ఊరిదిక్కు పరుగెత్తినాడు.
వాని వెనక సుంకన్న, వాని వెనక గుత్తోళ్లు,
గొర్రు ఎవురిదో, కాడెద్దులు ఎవురివో
అరుచుకుంటా, అప్పడుగుతా,
పదును పోకముందే అని రొప్పుతా.

నడిచేన్లో దొర ఒక్కడే మిగిలినాడు,
చేతిలో చెంబు నిండుతా ఉంటే.
"మా దేశంలో వానకి ఆట ఆపరు!"
"మీ దేశంలో అది రోజూ వస్తాది గదా దొరా"
అన్నాడంట జేజినాయన,
తానూ తడిసి ముద్దై,
రేపు ఎన్ని నాగళ్లు అడుగుతారో లెక్క కట్టుకుంటా.

మరునాడు మస్టర్లో పదిహేడుమంది గైరుహాజరు.
దొర కూలి కోసినాడని జేజినాయన,
కోయలేదని జేజి,
సచ్చేదాకా తెగని వాదం వాళ్లకది.

ఆ కట్టెల్లో ఒకటి మా ఇంట్లో ఉంది.
వంపుకాడ మేకు దిగిన రంధ్రం:
కొన్నాళ్లు ఎవురి గొర్రుకో పిడిగా బతికినట్టుంది.
అంచున నల్లని మరక.
దస్తగిరి నెత్తురంటాడు మా తమ్ముడు.
నేను గోటితో గీకి వాసన చూసినా.
రేగడి.