సున్నా రాసిన వారం

మా మిజో కొండలమీద
పొయ్యి వెలిగిన ప్రతిసారీ
ఎసట్లో పడబోయే బియ్యంలోంచి
ఒక పిడికెడు వెనక్కి వస్తుంది.
రేకు డబ్బాలో పడుతుంది.
అది దేవుడి పిడికెడు.
చంటిపిల్లలున్న ఇంట్లో వాళ్ళ చేతే వేయిస్తారు,
సగం గింజలు నేలమీదికి, కోళ్ళకి.
వాటినీ దేవుడి లెక్కలోనే కలిపేది మా అమ్మ.

శనివారాలు నా వంతు.
భుజాన గోనెసంచీ, చంకలో చిట్టా,
ఐజోల్ బస్సు ఆగే మలుపు నుంచి
చర్చి మెట్ల దాకా నలభై మూడు ఇళ్ళు.
గ్లాసుతో కొలత.
డబ్బా ఎత్తగానే తెలిసిపోతుంది
ఏ ఇంట్లో చుట్టాలు దిగారో,
ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం లేదో.

ఆ వానల్లో కొండచరియ విరిగి
పి రోఛింగి అల్లం తోటని లోయలోకి తీసుకుపోయింది.
మొదటి వారం ఆమె డబ్బాలో అర గ్లాసు.
తర్వాత, ఊపితే
గిలక్కాయ చప్పుడు.
ఆమె గుమ్మం దగ్గర పొగాకు నలుపుతోంది.
నేను అటు తిరిగి
నా సంచీలోంచి ఒక గ్లాసు ఆమె డబ్బాలో పోసి,
మళ్ళీ అందులోంచే కొలిచి,
ఆమె పేరు పక్కన 'ఒకటి' అని రాశాను.

మెట్లు దిగుతుంటే ఎంత తేలిగ్గా ఉందో!
చేతికి ఎముక లేని మనిషినని
నాకు నేనే చెప్పుకున్నాను.
మూడు వారాలు అలాగే.

నాలుగో శనివారం
డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
"నాకు కళ్ళు మసకే. వేళ్ళు కాదు.
ఇందులో పదకొండు గింజలున్నాయి.
నువ్వు దొంగలా పోసి దొరలా రాసుకుపోతున్నావు.
సున్నా రాయి.
పొయ్యి వెలగని ఇంటికి పిడికెడు బాకీ ఉండదు."

పొయ్యి వెలగని ఇల్లు.

అప్పుడు చూశాను పొయ్యి వైపు.
బూడిద మీద పిల్లి పడుకుని ఉంది,
వెచ్చదనం కోసం కాదు,
మెత్తగా ఉందని.

ఆమె మూడు వారాలుగా
ఖాళీ డబ్బాతో మాకు కబురు పంపుతూనే ఉంది.
నా దయ దాని నోరు నొక్కింది.

ఆదివారం ఆడవాళ్ళ కూటంలో
లెక్క పైకి చదవాలి.
ఆరు, నాలుగు, నాలుగున్నర...
నా గొంతు ఆమె పేరు దగ్గర తడబడింది.
"పి రోఛింగి. సున్నా."
ముందు బల్లమీద ఆమె
నిటారుగా కూర్చుంది,
పది గ్లాసులు ఇచ్చినదాని కంటే నిటారుగా.
రేకుల మీద వాన.
ఎవరూ వెనక్కి తిరగలేదు.
పాస్టరుగారు ఆ రోజు ఏ వాక్యం చెప్పారో
ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

సోమవారం తెల్లారకముందే
కుర్రాళ్ళు పారలతో ఆ వాలు ఎక్కారు.
ఎవరిదో గుమ్మడికాయ, ఎవరివో ఎండు కట్టెలు,
మా సంచీలోంచి చర్చి పేరుతోనే, పట్టపగలే,
ఇరవై గ్లాసుల బియ్యం.
గట్టు తగాదాతో పదకొండేళ్ళుగా
ఆమెతో మాటల్లేని పు దార్‌ఖూమా
నిచ్చెన తెచ్చుకుని ఆమె కప్పు ఎక్కాడు.
చిల్లులన్నీ మూసి దిగి వెళ్ళాడు.
మాట్లాడలేదు.
ఇప్పటికీ మాట్లాడడు.
మేకులు మాత్రం ఆయన ఇంటివే.

ఆమె టీ కాచింది. పంచదార లేదు.
పొగ కళ్ళల్లోకి వచ్చి అందరం దగ్గాం.

మరుసటి శనివారం
పచ్చరంగు తలుపున్న బడిపంతులు ఇంట్లో
డబ్బా ఎప్పటిలాగే బరువుగా ఉంది.
ఎత్తబోతుంటే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.
"అడుగున ఇసుక పోశాను" అంది,
చాలా మెల్లగా.
"ఎన్నాళ్ళుగా?" అని అడగలేదు.
లోపల పిల్లాడెవరో ఎక్కాలు చదువుతున్నాడు.
"మాకూ ఈ వారం..." అని ఆగిపోయింది.

నేను ఆమె పక్కనే నేలమీద కూర్చుని
కలం మూత తీశాను.