పదకొండు డాలర్లు

కెంటకీ కొండల్లో ప్రసూతి వార్డు మూసేస్తున్నారు.
లోరీన్ టాకెట్ ముప్పై నాలుగేళ్ల డ్యూటీని
అట్టపెట్టెల్లోకి సర్దుతోంది.

కానుపులు లేక కాదు.
మోకాలి చిప్ప మారిస్తే మిగులట,
బిడ్డను పట్టి చేతికిస్తే తరుగట.
పేదల బీమా ఇచ్చేది దూది ఖర్చుకే సరి.
టై కట్టుకొచ్చిన కుర్రాడు తెర మీద చూపించాడు,
నొప్పులన్నీ ఎర్ర గళ్లలో.

బీరువా అడుగున పాత ఖాతా పుస్తకం.
అరవై ఒకటి, ఫిబ్రవరి, మంచు:
"స్ట్రాటన్ భార్య. మగబిడ్డ. అడ్డం తిరిగాడు.
రెండు పంది తొడలు ముట్టినవి.
పదకొండు డాలర్లు బాకీ."
పక్కన డాక్టరు చేతిరాత: వీలున్నప్పుడు.

ఆ మగబిడ్డే
నిన్న రాజధానిలో, సభలో లేచి నిలబడ్డాడు.
ఊరకే వచ్చేది మనిషిని చెడగొడుతుందన్నాడు.
ఒక్క ఓటు తేడాతో బిల్లు వీగిపోయింది.
టీవీలో చప్పట్లు
రేకుల మీద వానలా చాలాసేపు.

అడ్డం తిరగడం పుట్టుకతోనే వచ్చింది వాడికి
అని నవ్వబోయి, ఆగింది లోరీన్.
ఆ రాత్రి వాణ్ని సరిగ్గా తిప్పిన చేతులు
ఎవరివో పుస్తకంలో లేదు.

కింద పార్కింగులో టెస్సా, ఎనిమిదో నెల,
పెద్దాసుపత్రికి దారి రాయించుకుంటోంది.
కొండ దిగాలి, రెండు వంతెనలు,
తొంభై మైళ్లు.
"నొప్పికీ నొప్పికీ మధ్య
ఎన్ని మైళ్లుండాలి?"

లోరీన్ దగ్గర ఆ లెక్క లేదు.
అదే కాగితం మీద తన నంబరు వేసింది.
పక్కన
వీలున్నప్పుడు అని రాయబోయి
కొట్టేసి
ఏ రాత్రయినా అని రాసింది.