నూట పద్దెనిమిదో రోజు

మా నియోజకవర్గ ప్రజలకు,
ఇది తొమ్మిదో ఉత్తరం.
బడ్జెట్ ఇంకా తేలలేదు.
గడువు జూన్ ముప్పై. ఇవాళ కిటికీ బయట
మేపుల్ ఆకులు రాలి కాలువలు పూడుతున్నాయి.
ఆకుల బండి గురువారం వస్తుంది,
సంచుల్లో కట్టకండి, అంచున పోగుపెట్టండి.

హారిస్‌బర్గ్‌లో మూడు తలుపుల మధ్య
ఒక అంకె తిరుగుతోంది.
ఒకరు గీత కొడతారు, ఒకరు సున్నా చుడతారు.
నేను ఓటు చేత్తో పట్టుకుని
వరండాలో చల్లారిన కాఫీ తాగుతాను.

గ్రంథాలయం మంగళవారాలు తెరవరు.
ముసలివాళ్ళ భోజనాల వ్యాను వారానికి మూడుసార్లే.
వాగు మీద వంతెన పూర్తయింది,
అది పోయినేటి డబ్బు.
ఫైర్ స్టేషన్‌లో శుక్రవారం చేపల వేపుడు,
కొత్త గొట్టాల కోసం. తప్పక రండి.

నిన్న వెర్నెల్ ష్రోయర్ వచ్చింది.
పసిపిల్లల బడి ఆమెది, పదకొండుమందికి జీతాలివ్వాలి.
బ్యాంకులో అప్పు తెచ్చింది.
అరవలేదు. రసీదు నా బల్ల మీద పరిచి
వేలు పెట్టి చూపింది:
"అసలు ఎప్పుడో మీరిస్తారు, తెలుసు.
ఈ వడ్డీ ఏ పద్దులో రాసుకోను?"

పద్దులన్నీ నాకు కంఠతా వచ్చు.
ఆ పద్దు లేదు.
నా జీతం ఒకటో తారీఖునే పడింది.
ఆ మాట ఆమె అడగలేదు.

"వచ్చే వారం" అని పైన రాసి
కొట్టేశాను.
గత ఎనిమిది ఉత్తరాల్లోనూ ఉందది,
కొట్టు గోడ మీది "అరువు రేపు"లా.

మరిచాను, మిల్ వీధి మూలన దొరికిన
గోధుమరంగు కుక్క మా ఆఫీసులోనే ఉంది.
ఒక చెవి వంకర. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి.
తొమ్మిదింటికి తెరుస్తాం.

థియడోరా పెట్రిల్లాక్